నోరులేని రోగి, నోరున్న సాక్షి



మా పట్టణంలోని చిన్నజంతువుల చికిత్సాలయంలో గోడవారగా ఒక పొడవైన బల్ల ఉన్నది. ఉదయం తొమ్మిది గంటలకు తలుపు తెరిచేసరికే ఆ బల్ల నిండిపోయి ఉంటుంది. తువ్వాలులో చుట్టిన బొచ్చుకుక్కపిల్లను ఒడిలో పెట్టుకొన్న ఒక గృహిణి. కూరగాయల బుట్టపై పళ్ళెం మూతపెట్టి, ఆ మూతమీద రెండు చేతులూ ఆనించి కూర్చున్న ఒక బాలిక (బుట్టలో ఉన్నది పిల్లి అని లోపలినుండి వచ్చే అరుపే చెబుతుంది). పెద్ద వేటకుక్కను గొలుసుతో పట్టుకొని, నిజానికి ఆ కుక్కచేతనే ఈడ్వబడుతూ వచ్చిన ఒక యువకుడు. ఒకరికొకరు పరిచయం లేనివారే అయినా, అయిదు నిమిషాలలో ఒకరి కుక్కను గురించి మరొకరు ప్రశ్నించుకొంటూ బంధువులవలె మాట్లాడుకొంటారు. జంతువులు మాత్రం మాట్లాడవు. నేను మనవి చేయదలచిన విషయమంతా ఆ మాటలోనే ఉన్నది.

నేను 38 సంవత్సరాలు పశువైద్యునిగా పనిచేసి విశ్రాంతి తీసుకొన్నవాడిని. అందులో మొదటి భాగం పల్లెలలోని పశువుల ఆసుపత్రులలోనూ, తరువాతి భాగం పట్టణంలో కుక్కలు, పిల్లులు, కుందేళ్ళ మధ్యనూ గడిచినది. మనుషుల వైద్యుడు రోగిని చూడగానే "ఏమి బాధ?" అని అడుగుతాడు. రోగి చెబుతాడు, కొందరు అడగకుండానే అరగంట చెబుతారు. పసిపిల్లల వైద్యునికి ఈ సదుపాయం లేదు గాని, పసిబిడ్డ ఏడ్చి అయినా తన బాధను ప్రకటిస్తుంది. మా రోగి అట్లు కాదు. తన బాధను చెప్పలేకపోవటం ఒక ఎత్తు, దానిని ప్రయత్నపూర్వకంగా దాచుకొనటం మరొక ఎత్తు. అందుచేత మా వైద్యంలో రోగి ఒకరు, రోగి తరఫున సాక్ష్యం చెప్పేవారు మరొకరు. ఆ సాక్షులు మీరే. అంటే జంతువును ఇంట పెంచుకొనే గృహస్థులు.

అసలు ఈ వైద్యవిద్య కుక్కపిల్లల కోసం పుట్టినది కాదు. మన పురాణేతిహాసాలలో అశ్వశాస్త్రానికి శాలిహోత్రుడు, గజశాస్త్రానికి పాలకాప్యుడు ప్రసిద్ధులు. విరాటుని కొలువులో నకులుడు దామగ్రంథియై గుర్రాలను, సహదేవుడు తంత్రీపాలుడై గోవులను సంరక్షించిన కథ మీకు తెలిసినదే. కుక్కకు మాత్రం వైద్యుడున్నట్లు వినలేదు. ఇది కొంచెం వింతయే. ఏలనంటే భారతకథ ఆరంభంలో తన బిడ్డను నిష్కారణంగా కొట్టినారని జనమేజయుని నిలదీసిన సరమ కుక్క. కథ చివర ధర్మరాజు వెంట నడిచినదీ కుక్కే. కుక్కను కథలో అంత ఎత్తున నిలిపిన జాతి, వైద్యం దగ్గర దానిని గుమ్మం బయటనే ఉంచినది.

పాశ్చాత్య దేశాలలోనూ ఇంతే. ఫ్రాన్సులో క్లాడ్ బూర్జెలా 1761లో అనుమతి పొంది లియాన్ నగరంలో స్థాపించిన పశువైద్య పాఠశాలను ఆధునిక ప్రపంచంలో మొదటిదిగా చెబుతారు. ఆయన గుర్రపుస్వారీ నేర్పే విద్యాలయానికి అధిపతి. రాజుకు గుర్రాలు కావలెను. రైతుల పశువులను పెద్దరోగం ఊడ్చుకొనిపోతున్నది. ఆ అవసరమే పాఠశాలను కట్టించినది. మన దేశంలో బొంబాయి కళాశాల 1886లోను, మద్రాసు కళాశాల 1903లోను ఏర్పడినవి. తెలుగువారు చాలకాలం మద్రాసుకు పోయి చదువుకొని వచ్చేవారు. తరువాత హైదరాబాదులో 1946లో ఒక కళాశాల, 1955లో స్థాపితమై తిరుపతిలో స్థిరపడిన మరొక కళాశాల వచ్చినవి. నేను చదువుకొనే రోజులలో కూడ మా పాఠాలన్నీ ఎద్దు, ఆవు, గేదె, గొఱ్ఱెల చుట్టూనే తిరిగేవి. గాలికుంటు, గొంతువాపు, జబ్బవాపు, కోళ్ళకు కొక్కెర తెగులు. ఇవి వస్తే పల్లెకు పల్లె గడగడలాడేది. కుక్క రోగాలు పుస్తకం చివర ఉండేవి. వాటిని చదివినవాడిని తోటి విద్యార్థులు "దొరలకు వైద్యం చేస్తావా?" అని ఎగతాళి చేసేవారు.

కాలం మారినది. పెద్దరోగం మన దేశంలో 1995 తరువాత కనబడలేదు; 2011లో ప్రపంచమంతటా అది నిర్మూలమైనదని ప్రకటించినారు. దుక్కిటెద్దు స్థానంలోకి ట్రాక్టరు వచ్చినది. అదే కాలంలో పట్టణాలలో కుటుంబాలు చిన్నవైనవి, బిడ్డలు చదువులకు, ఉద్యోగాలకు దూరదేశాలు పోయినారు, ఇంటిలో మిగిలిన ఇద్దరు వృద్ధుల మధ్యకు ఒక కుక్కపిల్ల వచ్చి చేరినది. పశువుల ఆసుపత్రిలో ఎద్దును కట్టే బోను ఖాళీగా ఉండి, పక్కగదిలోని చిన్న బల్ల దగ్గర జనం నిలబడటం నా కళ్ళ ఎదుటనే జరిగినది.

ఆ బల్లమీదికి రోగి ఎక్కకముందే పరీక్ష మొదలవుతుంది. గుమ్మం దాటి వచ్చేటప్పుడు కాలు ఎట్లు వేస్తున్నది, తల ఏ పక్కకు వాల్చుతున్నది, శ్వాస ఎంత వేగంగా ఆడుతున్నది, యజమాని పిలిస్తే చెవి కదిలిస్తున్నదా లేదా, ఇవన్నీ వైద్యుడు కాగితాలు సర్దుకొంటున్నట్లు నటిస్తూ చూచుకొంటాడు. బల్లమీద పెట్టిన తరువాత చాల జంతువులు భయంతో బిగుసుకొనిపోతాయి. అప్పుడు చూచినది సగం నిజమే. తరువాత చిగుళ్ళ రంగు చూస్తాము. లేత ఎఱ్ఱగా, తడిగా ఉండవలసిన చిగురు పాలిపోతే రక్తం తగ్గినదని, పసుపు పచ్చగా ఉంటే కాలేయానికో రక్తానికో హాని కలిగినదని అనుమానం. మెడ వెనుక చర్మాన్ని వేళ్ళతో పైకి పట్టి వదలితే వెంటనే సర్దుకొనవలెను. గుడారంవలె నిలిచిపోతే ఒంట్లో నీరు ఇంకిపోయినదన్నమాట. చెవుల వెనుక, కాలివేళ్ళ సందులలో పిడుదుల కోసం వెదకుతాము. గోమార్లు అని కొన్ని ప్రాంతాలలో అనే ఈ పిడుదులు కుక్క రక్తంలోనికి జ్వరక్రిములను ఎక్కిస్తాయి. అట్టి క్రిములలో ఒకదానిని మొట్టమొదట 1910లో వర్ణించినది మన మద్రాసులో, వేటకుక్కల రక్తంలో. ఇప్పటికీ మా దగ్గరకు వచ్చే జ్వరాలలో పిడుదుజ్వరాల వంతు పెద్దదే.

ఇక్కడ ఒక చిన్న సంగతి. ఆరోగ్యంగా ఉన్న కుక్కకు ఒంటివేడి 101 నుండి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ వరకు ఉంటుంది. పిల్లికీ ఇంచుమించు అంతే. మన ఒంటివేడి 98.6 డిగ్రీలు గదా. అందుచేత మన అరచేతికి ఆరోగ్యవంతమైన పిల్లి ఎప్పుడూ కొంచెం కాలుతున్నట్లే తోస్తుంది. "ఒళ్ళు కాలిపోతున్నది డాక్టరుగారూ" అని పరుగెత్తుకొని వచ్చినవారికి థర్మామీటరు చూపి, ఇది దాని సహజమైన వేడి అని చెప్పి పంపిన సందర్భాలు లెక్కకు మించినవి. ముక్కు తడిగా ఉంటే ఆరోగ్యం, పొడిగా ఉంటే జబ్బు అనే నమ్మకం కూడ ఇట్టిదే. నిద్రలేచిన కుక్క ముక్కు తరచుగా పొడిగానే ఉంటుంది. ఈ వేడి సంగతి చిన్నదే గాని, అది తెలియకపోవటం వలన ఒక ప్రాణం పోయినది. ఆ కథ తరువాత చెబుతాను.

పిల్లిని గురించి ప్రత్యేకంగా చెప్పవలెను. అది వేటాడే జంతువే గాని, తనకంటె పెద్దవాటికి తానూ ఎరయే. బలహీనత బయటపెట్టిన పిల్లి అడవిలో బ్రతకదు. ఆ అలవాటు మన వంటింటి మూలన పడుకొన్న పిల్లికి కూడ పోలేదు. అందుచేత పిల్లి జబ్బుపడినట్లు మీకు తెలిసేసరికి ఆ జబ్బు చాలదూరం నడిచి ఉంటుంది. ముఖ్యంగా మగపిల్లి విషయంలో ఒక మాట జ్ఞాపకం ఉంచుకొనవలసినదిగా కోరుతున్నాను. అది మాటిమాటికి ఇసుకలోనికి పోయి కూర్చొని ముక్కుతూ ఉంటే, ఇంటివారు మలబద్ధకమని భావించి ఆముదం పోస్తారు. చాలసార్లు అది మలబద్ధకం కాదు. మూత్రనాళంలో ఇసుకవంటి పదార్థం అడ్డుపడి మూత్రం ఆగిపోవటం. మగపిల్లి మూత్రనాళం మిక్కిలి సన్ననిది. అట్లు ఆగిన మూత్రం ఒకటి రెండు రోజులలో రక్తాన్ని విషం చేసి గుండెను నిలిపివేస్తుంది. సన్నని గొట్టం పెట్టి ఆ అడ్డు తొలగిస్తే బ్రతుకుతుంది. రేపు ఆదివారం, ఎల్లుండి చూపిద్దామనుకొన్నవారి పిల్లి ఎల్లుండికి ఉండదు.

ఇక సాక్షుల సంగతి. ఇంటివారు అబద్ధం చెప్పరు. కాని నిజం చెప్పటానికి వారికి అడ్డుపడేవి అనేకం ఉంటాయి. ఒకరికి భయం, ఒకరికి సిగ్గు, మరొకరికి "ఇదేమి పెద్ద విషయం, చెప్పకపోతేనేమి" అనే ఉపేక్ష.

చాల సంవత్సరాల క్రితం ఒక కుటుంబం నలుగురూ కలసి ఒక పిల్లిని తెచ్చినారు. ముఖం ఉబ్బి ఉన్నది, శ్వాస కష్టంగా ఆడుతున్నది, చిగుళ్ళు గోధుమరంగుకు తిరిగి ఉన్నవి. ఆ రంగు చూడగానే నాకు అనుమానం కలిగినది. "ఏదైనా మందు వేసినారా?" అని అడిగినాను. "పాలు తప్ప ఏమీ పెట్టలేదండీ" అని కొడుకు, కోడలు ఒక్కమాటగా చెప్పినారు. మళ్ళీ అడిగినాను. మళ్ళీ అదే సమాధానం. తెలియని విషానికి చేయగలిగిన చికిత్స చేసినాను. సాయంకాలానికి పిల్లి చనిపోయినది.

మూడు రోజుల తరువాత ఆ ఇంటి మామ్మగారు ఒక్కరే రిక్షా మాట్లాడుకొని వచ్చినారు. లోపలికి రమ్మంటే రాలేదు. గుమ్మం పట్టుకొని నిలబడి, "నాయనా, ఆ రోజు దాని ఒళ్ళు కాలుతుంటే నా జ్వరంమాత్ర అరముక్క పాలలో నూరి పోసినాను. అందరిముందూ చెప్పలేకపోయినాను. దానివల్లనేనా?" అని అడిగినారు.

ఏమి చెప్పవలెనో నాకు వెంటనే తోచలేదు. కాదని చెబితే ఆమె మనసు కుదుటపడేది. కాని ఆ ఇంటికి రేపు మరొక పిల్లి వస్తుంది. "అవునమ్మా. కాని ఆ సంగతి మీకు ఎవరూ చెప్పలేదు. చెప్పవలసిన వాళ్ళం మేము" అన్నాను. ఆమె తల ఊపి వెళ్ళిపోయినారు.

పారాసిటమాల్ అనే ఆ జ్వరంమాత్ర మనకు అమృతప్రాయం, పిల్లికి కాలకూటం. ఆ మందును విడగొట్టి బయటకు పంపే శక్తి పిల్లి కాలేయానికి తగినంత లేదు. అది రక్తంలోని ఎఱ్ఱకణాలను ప్రాణవాయువు మోయలేని స్థితికి తెస్తుంది. చిగుళ్ళకు ఆ గోధుమరంగు అందువలననే. ఒక్క మాత్ర చాలును ప్రాణం తీయటానికి. కుక్క దానిని కొంతవరకు తట్టుకొనగలదు గాని, మనం ఒళ్ళునొప్పులకు వేసుకొనే ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటివి కుక్కకు కడుపులో పుండ్లు పుట్టించి మూత్రపిండాలను చెడగొడతాయి. ఉల్లిపాయ రెండింటికీ చేటే. చాక్లెట్టు కుక్కకు విషం. పాయసంలోని ఎండుద్రాక్ష కూడ కొన్ని కుక్కల మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. ప్రేమతో పెట్టే వస్తువులే ఇవన్నీ.

ఆ మామ్మగారు వచ్చి వెళ్ళిన తరువాత నేను ప్రశ్న అడిగే పద్ధతి మార్చుకొన్నాను. "ఎవరు ఏమి పెట్టినారు?" అని అడగటం మానినాను. ఆ ప్రశ్నలో ఒక నేరస్థుడున్నాడు. "మీ ఇంట్లో ఏయే మందులున్నవి? ఎక్కడ పెడతారు?" అని అడుగుతాను. అవసరమైతే ఒక్కొక్కరినే లోపలికి పిలుస్తాను. పిల్లలను ముందు పిలుస్తాను. మొదట చెప్పిన బుట్టలోని పిల్లి కథ అట్టిదే. ఆ బాలికను పక్కకు పిలిచి, "అమ్మడూ, మీ ఇంట్లో జ్వరం ఎవరికైనా వచ్చిందా?" అన్నాను. ఆ పిల్ల అప్పటివరకు బిగించి పట్టుకొన్న పిడికిలి తెరిచినది. అందులో చెమటకు తడిసిన మాత్రల రేకు ఉన్నది. "అన్నయ్య వేశాడండీ. చెబితే కొడతానన్నాడు" అన్నది. మందు లోపలికి పోయి అప్పటికి మూడు గంటలు. ఆ విషానికి విరుగుడు ఉన్నది, వేళకు అందినది. నాలుగవ రోజున పిల్లి బుట్టలో అరుస్తూ ఇంటికి పోయినది. ఆ అన్నయ్యను కొట్టవద్దని వాళ్ళ నాన్నగారికి నేను ప్రత్యేకంగా కబురు చేయవలసి వచ్చినది. రేకు దాచిన పిల్లవాడికంటె, రేకు అందేచోట పెట్టిన పెద్దలదే తప్పు ఎక్కువ అని నా ఉద్దేశం.

సాక్ష్యం తప్పితే జంతువు ప్రాణంతో పోనిది ఒకటి ఉన్నది. అది పిచ్చికుక్క వ్యాధి, అంటే రేబీస్. ఒక మధ్యాహ్నం ఒక వ్యాపారి తన కుక్కను తెచ్చినాడు. దాని కింది దవడ వేలాడుతున్నది, చొంగ కారుతున్నది, మింగలేకున్నది. "మాంసం ఎముక గొంతులో ఇరుక్కున్నది. నేను చెయ్యి పెట్టి వెదికినాను, దొరకలేదు" అన్నాడు. ఆ మాట వినగానే మా కాంపౌండరు నా ముఖం చూచినాడు, నేను అతని ముఖం చూచినాను. పిచ్చికుక్క అంటే అందరికీ కనబడినవారిమీద పడి కరిచే కుక్కయే మనసులో మెదలుతుంది. ఆ వ్యాధిలో మరొక రూపమున్నది. అందులో కుక్క కరవదు. దవడ కండరాలు చచ్చుబడి, మౌనంగా మూలకు చేరుతుంది. చూచినవారికి ఎముక ఇరుక్కున్నట్లే ఉంటుంది. జాలిపడి నోట్లో చేయి పెట్టినవారికి ఆ చొంగ ద్వారా వ్యాధి సంక్రమించవచ్చును.

"దీనిని ఈ మధ్య ఏ కుక్కయైనా కరిచినదా?" అని అడిగితే లేదన్నాడు. టీకా వేయించినారా అంటే, ఇంట్లోనే ఉండే కుక్కకు టీకా ఎందుకన్నాడు. కుక్కను వేరుగా బంధించి వారిని బయట కూర్చుండబెట్టినాము. అప్పుడు వారి పాలేరు నా దగ్గరకు వచ్చి, "నెలన్నర క్రితం వీధికుక్క కరిచిందయ్యా. పసుపు అద్దినాము. అయ్యగారికి చెబితే తిడతారని చెప్పలేదు" అన్నాడు. కుక్క నాలుగవ రోజున చనిపోయినది. ప్రయోగశాల నుండి వచ్చిన నివేదికలో వ్యాధి ధ్రువపడినది. అప్పటికే ఆ ఇంటిలోని ఏడుగురికి, పాలేరుకు, మాకు సూదిమందులు మొదలైనవి. అందరమూ బ్రతికి ఉన్నాము. ఆ పాలేరు చెప్పకపోయినా నేను అనుమానించేవాడినే; కాని అంత గట్టిగా పట్టుబట్టి ఏడుగురినీ ఆ పూటనే ఆసుపత్రికి పంపగలిగేవాడినని చెప్పలేను.

ఈ వ్యాధికి లూయీ పాశ్చరు 1885 జూలైలో జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేళ్ళ బాలునికి మొదటిసారి టీకా ఇచ్చినాడు. మన దేశంలో చాలకాలం బొడ్డు చుట్టూ పదునాలుగు వరకు సూదులు పొడిచేవారు. ఆ పాత మందు వాడకం 2004తో ముగిసినది. ఇప్పుడు చేతికి వేసే కొద్దిపాటి సూదులు చాలును. గాయం లోతైనదైతే గాయం దగ్గరే మరొక మందు కూడ ఎక్కిస్తారు. అయినప్పటికి పాత సూదుల భయం మన ఇండ్లలో ఇంకా పోలేదు. కరిచిన వెంటనే గాయాన్ని ధారగా పారే నీటితో, సబ్బుతో పదిహేను నిమిషాలు కడగవలెను. పసుపు, కారం, సున్నం పెట్టరాదు. తరువాత ఆలస్యం చేయక ఆసుపత్రికి పోవలెను. లక్షణాలు బయటపడిన తరువాత కాపాడగల మందు లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఏటా సుమారు 59,000 మంది ఈ వ్యాధితో మరణిస్తున్నారు. కుక్కపిల్లకు మూడు నెలల వయసులో టీకా వేయించి, వైద్యుడు చెప్పినట్లు మళ్ళీ మళ్ళీ వేయిస్తూ ఉంటే ఆ ఇంటికి ఈ భయం ఉండదు. చిన్నజంతువుల వైద్యులు మాత్రం ఈ సూదులు ముందుగానే వేయించుకొని ఉంటారు.

టీకాల మాట వచ్చినది గనుక మరొకటి. పార్వో అనే వైరసు 1978 ప్రాంతంలో ప్రపంచానికి కొత్తగా తెలిసినది. అంతకుముందు ఆ జబ్బు మా పుస్తకాలలో లేదు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, రక్తవిరేచనాలతో కుక్కపిల్లలు వరుసగా చనిపోతూ ఉంటే మా పెద్దలే నిశ్చేష్టులైనారు. ఇప్పుడు టీకా ఉన్నది. అయితే ఒక్కసారి వేయించి ఊరుకొంటే చాలదు. తల్లిపాల ద్వారా వచ్చిన రక్షణ కొంతకాలం టీకాను పని చేయనీయదు. అది ఎప్పుడు తగ్గుతుందో ఒక్కొక్క పిల్లకు ఒక్కొక్క తీరు. అందుచేత ఆరు ఎనిమిది వారాల వయసు నుండి పదహారు వారాల వరకు మూడు నాలుగు వారాలకొకసారి వేయవలెను. "మొన్ననే గదా వేసినారు, డబ్బుకోసం మళ్ళీ రమ్మంటున్నారు" అని విసుగుకొనేవారున్నారు. వారి అనుమానం నాకు అర్థమవుతుంది. కాని ఈ విషయంలో అది న్యాయం కాదు.

కోపం తెచ్చుకొనే హక్కు మాకూ ఒక విషయంలో ఉన్నది. మంచుకొండలలో బండ్లు లాగే జాతి కుక్కను తెచ్చి రెంటచింతల ఎండలో మిద్దెమీద కట్టివేస్తారు. కుక్కకు మనవలె ఒళ్ళంతా చెమట పట్టదు. నాలుక చాచి ఒగర్చటమే దానికి చల్లబడే ప్రధానమార్గం. ముక్కు చప్పిడిగా ఉండే జాతులకు ఆ మార్గమూ ఇరుకే. మే నెలలో 107 డిగ్రీల ఒంటివేడితో తెచ్చిన కుక్కలను చన్నీళ్ళతో తడిపి, విసరి, సెలైను ఎక్కించి కొన్నింటిని దక్కించుకొన్నాము, కొన్నింటిని దక్కించుకొనలేదు. ఆ జాతి ఎందుకు కొన్నారని అడిగితే, చిత్రంలో చూడటానికి బాగున్నదన్నారు.

ఇక డబ్బు. దీనిని గురించి మాట్లాడటానికి వైద్యులు, గృహస్థులు ఇద్దరూ మొహమాటపడతారు. ఎద్దుకు వైద్యం చేయించే రైతు లెక్క తేటగా ఉండేది: ఎద్దు వెల ఇంత, వైద్యానికి ఇంత, దుక్కి పోతే నష్టం ఇంత. వీధిలో దొరికిన కుక్కకు వెల లేదు. ఒక ఎముక విరిగితే దానిని కట్టే శస్త్రచికిత్సకు ఒక చిన్న ఉద్యోగి నెలజీతం కావచ్చును. "ఎంతవుతుంది డాక్టరుగారూ?" అని అడిగేటప్పుడు వారి కళ్ళు నేల చూస్తాయి. ఆ ప్రశ్న అడిగినవారికి ప్రేమ తక్కువని నేను ఎన్నడూ అనుకొనలేదు. ఖర్చు ముందుగా చెప్పి, తక్కువ ఖర్చులో చేయగలిగినది ఏదో కూడ చెప్పి, నిర్ణయం వారికి వదలివేయటం వైద్యుని ధర్మం. పక్క బల్లమీద సంపన్నుని కుక్కకు జరుగుతున్న వైద్యం చూచి తలవంచుకొనే స్థితి ఎవరికీ కలిగించరాదు.

అన్నిటికంటె బరువైన ప్రశ్న వేరే ఉన్నది. పదునాలుగు సంవత్సరాలు ఇంట తిరిగిన కుక్క మూత్రపిండాలు చెడి, లేవలేక, నీరు కూడ నిలువక పడి ఉంటుంది. మనుషుల వైద్యునికి లేని ఒక అధికారం మాకున్నది. మత్తుమందు అధికంగా నరంలోనికి ఎక్కించి, బాధలేకుండ దానిని శాశ్వతనిద్రకు పంపవచ్చును. అప్పుడు ఇంటివారు అడిగే మాట ఒక్కటే: "ఇది మీ కుక్కయే అయితే మీరేమి చేస్తారు?" కొత్తలో నేను ఈ ప్రశ్న తప్పించుకొనేవాడిని. తరువాత తరువాత సమాధానం చెప్పటం నేర్చుకొన్నాను. కుక్క ఏమి తినటానికి ఇష్టపడేదో, ఎవరి అడుగుల చప్పుడుకు లేచేదో, ఇప్పుడు వాటిలో ఏది మిగిలి ఉన్నదో వారినే చెప్పమంటాను. చెబుతూ చెబుతూ ఉండగానే వారికి తెలిసిపోతుంది. అక్కడ కూడ సాక్ష్యం వారిదే.

పదేళ్ళ క్రితం ఒక విశ్రాంత రైల్వే ఉద్యోగి తన కుక్కను అట్లు చేతులలో పట్టుకొని కూర్చున్నాడు. భార్య పోయిన తరువాత ఆ ఇంట ఆయన, ఆ కుక్కయే. సూది వేసే ముందు, "నేను ఇక్కడే ఉండవచ్చునా?" అని అడిగినాడు. ఉండమన్నాను. కుక్కకు ఆయన వాసన తెలుస్తూ ఉంటుందని చెప్పినాను. అంతా ముగిసిన తరువాత చాలసేపు దాని చెవి నిమురుతూ కూర్చొని, డబ్బు చెల్లించి, గొలుసు మాత్రం చేత పట్టుకొని వెళ్ళిపోయినాడు.

వారం దినాల తరువాత మళ్ళీ వచ్చినాడు. నాకు కొంచెం భయం వేసినది. ఏమైనా నిష్ఠురమాడటానికేమో అనుకొన్నాను. ఆయన చేతిసంచీలోనుండి ఒక కాగితం పొట్లం తీసి బల్లమీద పెట్టినాడు. అందులో కుక్క కోసం కొన్న మందులలో మిగిలిన పదకొండు మాత్రలున్నవి. "గడువు ఇంకా ఉన్నదండీ. కొనలేనివారి కుక్క ఏదైనా వస్తే వాడండి" అన్నాడు. ఏ మాత్ర ఏ పూట వేసేవాడో ఆ పొట్లంమీద తన చేవ్రాలుతో వరుసగా వ్రాసి ఉన్నది.